బొల్లి గొర్రె లేచేదాకా

సోమ, బుధ, శుక్రవారాల్లో గుర్వయ్య పొద్దున్నే మొదటి బస్సెక్కి నల్గొండకు డయాలసిస్‌కు పోతాడు. మధ్యాహ్నం దాటాక ఊరికొచ్చి, ఇంత జొన్న గటక తిని, గొర్రెల వెంట గుట్టకు నడుస్తాడు. కిడ్నీలు పని మానేసి ఐదేళ్లయినా ఆయన మాత్రం పని మానలేదు.

సూదులు పెట్టడానికని డాక్టర్లు ఆయన ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల రక్తం జుమ్మని పారడం ఎవరికైనా తెలుస్తుంది. గుర్వయ్యది గొర్రెలకు కూడా వినపడుతుంది. చెయ్యెత్తితే చాలు, గుట్ట అవతల మేస్తున్న నలభై మూడూ తలలెత్తి వచ్చేస్తాయి. ఈల వేయడం ఎప్పుడో మరిచిపోయాడు. ఊళ్లో ఎవరి గొర్రె తప్పిపోయినా "జర చెయ్యెత్తు కాకా" అంటూ ఆయన దగ్గరికే వస్తారు.

ఒక్క తప్పు చేశాడు. సూది కొత్తచోట గుచ్చితే నొప్పి, పాతచోట తోలు మొద్దుబారింది. మిషన్ దగ్గర సూదులు పెట్టే ఇస్రాయేలు చోటు మార్చబోతే గుర్వయ్య ప్రతిసారీ అడ్డుపడేవాడు.

"ఒక్క జాగాలనే గుచ్చితే నరం ఉబ్బుతది కాకా."

"చెయ్యి నాది, నొప్పి నాది. ఆడనే పెట్టు."

గొర్రెలు నడిచిన తొవ్వనే నడుస్తాయని అందరూ నవ్వుతారు గానీ, ఆ గుణం వాటికంటే కాపరికే ఎక్కువ.

ఇస్రాయేలు అన్నంతా అయింది. నరం ముందు ఉసిరికాయంత ఉబ్బింది, తర్వాత నిమ్మకాయంత. పైన చర్మం పలచబడి మెరిసింది. ఆపరేషన్ చేయించుకోమంటే గుర్వయ్య ససేమిరా అన్నాడు. చెయ్యి ఎవరికీ కనపడకుండా నడి ఎండాకాలంలో గొంగడి కప్పుకుని తిరిగాడు.

"కోస్తే జుమ్ము వోతది. జుమ్ము వోతే గొర్లు వోతయ్. ఇగ నేనెందుకు?" అన్నాడు భార్య సుక్కమ్మతో. పాపం, భయపడ్డాడు.

ఒక మంగళవారం పొద్దున చెయ్యెత్తితే గొర్రెలు దగ్గరికి రాలేదు. పది అడుగుల దూరంలో చుట్టూ నిలబడి, గడ్డి ముట్టకుండా ఆ చేతినే చూశాయి. సుక్కమ్మ గొంగడి లాగేసింది. ఉబ్బు మీద నల్లమచ్చ, దాని చుట్టూ తడి.

"గొర్లకు తెలిసింది నీకు తెల్వదా? నడువు దవాఖానకు!"

పెద్ద డాక్టరు ఉమారాణి గొర్రెల సంగతి విని, చెయ్యి చూసి అదిరిపడింది.

"ఇంకో రోజైతే పగిలేది, మనిషి దక్కకపోయేది. ఉబ్బు కోసి తీసేసి, మిగిలిన నరాన్ని సరిగ్గా కుడత. ఫిస్టులా ఉంటది. కుట్టేదాకా రక్తం ఆపుత, అప్పుడు జుమ్ము ఆగుతది. ఇంట్ల ఎవరినన్న గొర్ల కాడ ఉండుమనుండ్రి."

కోడలు తిరుమల దొడ్డి దగ్గర నిలబడింది. సుక్కమ్మ ఆపరేషన్ గది ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంది.

పదకొండింటికి ఫోన్ మోగింది. "అత్తమ్మా, గొర్లన్ని ఒక్కపారే కూసున్నయ్." సుక్కమ్మ లేచి గది తలుపు దగ్గరికి పోయింది. గంట గడిచాక మళ్లీ మోగింది. "లేచినయ్ అత్తమ్మా! బొల్లిదొక్కటే లేవలె."

ముఖం మీద తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె అది.

అప్పుడే డాక్టరు బయటికొచ్చింది. "మంచిగైందమ్మా. గొర్లు లేచినయా?"

"బొల్లిది లేవలె మేడం."

డాక్టరు వెంటనే వెనక్కి తిరిగి లోపలికి పోయింది. కుట్ల వెనక మెంతిగింజంత రక్తం గడ్డకట్టి ఉంది. అట్లాగే వదిలేస్తే సాయంత్రానికల్లా ఫిస్టులా మూసుకుపోయేది. ఆ గడ్డ తీసి మళ్లీ కుట్టింది.

"లేచింది అత్తమ్మా, నీళ్లు తాగుతాంది!"

సుక్కమ్మ అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, నవ్వింది. ఎన్ని నెలల తర్వాతనో ఆమెకు ఆకలి గుర్తొచ్చింది.

బుధవారం డయాలసిస్ మెడ నరంలో గొట్టం వేసి కానిచ్చారు. శుక్రవారం గుర్వయ్య మళ్లీ మిషన్ పక్కన పడుకున్నాడు. కుట్లకు పైన చెయ్యి తడుముతూ ఇస్రాయేలు అడిగాడు.

"ఇయ్యాల ఏడ పెట్టాలె కాకా?"

"నీ ఇష్టం రా అయ్యా. కొత్త జాగా చూసి పెట్టు."

సూది దిగింది. "ఓ అవ్వో!" అని గుర్వయ్య వార్డు దద్దరిల్లేట్టు అరిచాడు.

ఊళ్లో గుట్ట మీద నలభై మూడు గొర్రెలు ఒక్కసారి తలెత్తి, మళ్లీ మేతలో పడ్డాయి.