మోహన్‌కుమార్ బయటికి పోయుండాడు

ఆ సోమవారం పొద్దున్నే నాకు బొమ్మసంద్ర నుంచి ఫోన్‌లో తిట్లు మొదలయ్యాయి. తిట్టినాయన పేరు వెంకటరాయప్ప. మడివాళలోని ఒక అంగడిలో గ్రైండరు రిపేరుకిచ్చి నెలన్నర అయిందట.

“ఎప్పుడు పోయినా ఆయమ్మ ఒకే మాట చెప్తాదమ్మా. బయటికి పోయుండాడు, వస్తాడు అంటాది. మూడు తూర్లు తిరిగినా. ఫోన్‌లో చూస్తే ఆయప్ప దినామూ కనబడతాడు. యాడికీ పోను, రండి అంటాడు. అంగడికి పోతే మనిషే ఉండడు. ఇదేం మోసమమ్మా?”

ఆయన నన్ను తిట్టడంలో తప్పేమీ లేదు. ఆ ప్రకటన తీసింది నేను, దాంట్లో ఉన్న నంబరు కూడా నాదే. నా పేరు రూతు. మాది ఒంగోలు. బెంగళూరుకొచ్చి తొమ్మిదేళ్ళయింది. చిన్న చిన్న అంగళ్ళకు అర నిమిషం వీడియోలు తీసి, చుట్టుపక్కల ఉండేవాళ్ళ ఫోన్లలో పాటలకూ వంటలకూ మధ్య వచ్చేలా పెట్టడం నా పని. మీరు విసుక్కుంటూ స్కిప్ నొక్కుతారే, అవే. మొదటి ఐదు సెకన్లలో మిమ్మల్ని ఆపగలిగితే నేను గెలిచినట్టు, లేకపోతే ఆ రోజుకు నా కూడు దండగ.

మోహన్‌కుమార్‌ది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే అంగడి. ఫోనెత్తితే చేతిలో పని చెడుతుందని, రెండేళ్ళ కిందట ప్రకటన తీసిన రోజున నా నంబరే వేయించాడు. “నువ్వు దారి చెప్పు చాలు, రూతమ్మా. అంగడికొచ్చినాక మాటలు నేను చూసుకుంటా” అన్నాడు. ఇంకెవరైనా అయితే ఊరుకునేదాన్ని కాదు. ఆయన మీద ఎందుకో నాకు గట్టిగా మాట రాలేదు.

వెంకటరాయప్ప తిట్లు విన్నాక మాత్రం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. స్కూటరు తీసి మడివాళకు పోయేదాకా మోహన్‌కుమార్‌ని ఏమేం అడగాలో వరుసగా పేర్చుకున్నాను. నా ప్రకటనలో రమ్మని పిలిచి, వచ్చినవాళ్ళను తిప్పించుకోవడం ఏమిటి? మనిషికి మాట ఉండొద్దా?

సందు మొదట్లో పూలమ్మే చిక్కమ్మ నన్ను గుర్తుపట్టింది. ప్రకటన తీసిన రోజున తన బుట్ట కూడా వీడియోలో పడాలని పట్టుబట్టింది ఈవిడే.

“మోహన్‌కుమార్ గారు ఉన్నారా లోపల?” అని అడిగాను.

ఆమె చేతిలో దారం ఆగింది. “నీకు తెలీదా? ఆయప్ప పోయి మూడు నెలలు దాటె. పొద్దన్న వచ్చి అంగడి తీసినాడు, కుర్చీలో కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు. మేమే మోసుకొని పోతిమి.”

“మరి వాళ్ళావిడ, శశికళక్క, వచ్చినవాళ్ళతో…”

“ఆయమ్మ ఆ మాట నోట్లోనుంచి తీయదు. వీధిలో అందరికీ తెలుసు, ఎవురూ అడగరు. తెలీకుండా మిక్సీలు తెచ్చేవాళ్ళు ఉండారే, వాళ్ళకే ఈ గతి.”

మోసుకొచ్చిన కోపాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు తెలియలేదు. ప్రతి నెలా ఒకటో తేదీన నేను వాళ్ళకు వాట్సాప్‌లో రిపోర్టు పంపిస్తాను. ఎంతమంది చూశారు, ఎంతమంది చివరిదాకా చూశారు అని. శశికళక్క ఆ నెల డబ్బులు వేసి, రెండు చేతులు జోడించిన బొమ్మ పంపుతుంది. పోయిన నెల, చివరిదాకా చూసేవాళ్ళు పెరిగారని మోహన్‌కుమార్‌కి అభినందనలు చెబుతూ ఒక పూలగుత్తి బొమ్మ కూడా పెట్టాను. చచ్చిపోయిన మనిషికి పూలు పంపి, పైగా అభినందనలు.

అంగడి షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి పోయాను. శశికళక్క చిన్న స్టూలు మీద కూర్చుని బీన్సు తరుగుతోంది. ఎదురుగా స్టెబిలైజరుకు ఆనించిన ఫోన్‌లో ఎవరో ఉప్మా చేయడం నేర్పిస్తున్నారు. నన్ను చూసి నవ్వింది.

“రా రూతమ్మా, కూసో. ఆయప్ప బయటికి పోయుండాడు. వస్తాడు.”

తడబాటు లేదు, కన్ను పక్కకు తిప్పడం లేదు. ఎదురుగా ఎంతటివాడు అబద్ధం ఆడినా ముఖం మీదే అడిగేసే నేను, “సరే అక్కా” అని కూర్చున్నాను.

గోడ పొడుగునా మిక్సీలు, గ్రైండర్లు. ఒక్కొక్కదానికీ ఒక చీర ముక్క కట్టి ఉంది. మోహన్‌కుమార్‌కి చీటీలు రాసే అలవాటు లేదు. భార్య పాత చీర నుంచి ఒక పేలిక చించి, దాన్ని రెండు చేసి, ఒకటి వస్తువుకు కట్టేవాడు, రెండోది తెచ్చినవాళ్ళ చేతిలో పెట్టేవాడు. చీటీ అయితే పారేస్తారు, చీర ముక్కను పారేయడానికి ఎవరికీ చేయి రాదని ఆయన నమ్మకం. రెండు ముక్కలూ జత కుదిరితే వస్తువు ఇచ్చేవాడు. పేరూ లేదు, ఫోన్ నంబరూ లేదు.

ఇప్పుడు అక్కడున్న పేలికలు పాత చీరలవి కావు. జరీ అంచుది ఒకటి ఉంది. ఇంకా రంగు దిగని గంధం రంగుది ఒకటి ఉంది. పాతవన్నీ అయిపోయి, ఆమె కట్టుకునే చీరలే చించుతోందని అర్థమైంది.

అంతలో ఫోన్‌లో ఉప్మా ఆగిపోయి మోహన్‌కుమార్ వచ్చాడు.

“మీ మిక్సీ మొండికేసిందా? గ్రైండరు గలాటా చేస్తా ఉందా? తీసుకొని రండి. పొద్దన్నుంచి సాయంత్రం దాకా ఈడే ఉంటా, యాడికీ పోను…”

శశికళక్క కత్తి కింద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, ఆ అర నిమిషమూ చూసింది. ఆయన పోయాడు, ఉప్మా వచ్చింది. ఆమె మళ్ళీ కత్తి తీసుకుంది. రిపోర్టులో నేను మురిసిపోయిన చివరిదాకా చూసేవాళ్ళలో మొదటిమనిషి ఎవరో నాకు తెలిసిపోయింది.

“చిక్కమ్మ చెప్పింది అక్కా,” అన్నాను.

ఆమె ఇంకో రెండు కాయలు తరిగింది. “చెప్తాదిలే.”

“నాకు మీరెందుకు చెప్పలేదు? నెల నెలా నమస్కారం పెడుతూ వచ్చారు. నేను పూలు పంపిస్తుంటే చూస్తూ ఊరుకున్నారు.”

“నీకు చెప్తే నిలిపేస్తావు కదా.”

“వీడియో మీ ఫోన్‌లోనే ఉంది. రోజుకు వందసార్లు చూసుకోండి, ఎవరు వద్దన్నారు?”

“ఉండాది. నేను తెరిస్తే వస్తాది.” ఆమె తల ఎత్తలేదు. “ఇరవై ఎనిమిదేండ్లు, రూతమ్మా. నేను పిలిస్తే ఒక తూరైనా అన్నానికి వచ్చినాడా? చేతిలో పని అయినాక, తన ఇష్టానికి వచ్చేటోడు. పదకొండుకి వస్తాడు, ఒక దినం నాలుగుకి వస్తాడు. నేను ఏదో పనిలో ఉంటా, తలుపు కాడ నిలబడుకొని ఉంటాడు. ఇది కూడా అట్లే వస్తాది. నేను పిలవలేదు, తనే వచ్చినాడు. నేను తెరిస్తే అది ఫోటో చూసినట్ల ఉంటాది. ఇది వచ్చినట్ల ఉంటాది.”

నేను స్టెబిలైజరుకు ఆనించిన ఫోన్ వైపు చూశాను.

“వీడియో తీసిన పొద్దు కెమెరా చూడు కెమెరా చూడు అని నువ్వు ఎంత గలాటా చేసినావు,” అంది. “చూసినాడా? నీ పక్కన నిలబడుకొనుండే నన్ను చూసినాడు. చూసేవాళ్ళు తమనే రమ్మంటాడు అనుకుంటారు. నాకు తెలుసు.”

“సరే అక్కా, అది మీకోసం. మరి ఈ మిక్సీలు ఎవరికోసం తీసుకుంటున్నారు?” నా గొంతు పెరిగింది. నాకు ఏడుపొచ్చినప్పుడల్లా గొంతే పెరుగుతుంది. “బొమ్మసంద్ర నుంచి ఆయన మూడుసార్లు తిరిగాడట.”

“గ్రైండరు పెద్దాయన. పాపం, బస్సులో మోసుకొచ్చినాడు.” కత్తి ఆపింది. “వాళ్ళు వచ్చి, అన్న ఉండాడా అంటారు. పొద్దన్నే ఫోన్‌లో చూసుంటారు. వాళ్ళకి ఆయప్ప ఉండాడు. ఊరంతా లేడంటా ఉంటే, వీళ్ళకి మాత్రం ఉండాడు. వాళ్ళ కాడ లేడని నా నోటితో ఎట్ల చెప్పేది? బయటికి పోయుండాడు అంటే, సరే అంటారు. వాళ్ళు సరే అనేది వినేకి బాగుంటాది.”

అప్పుడు నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంగు చించి ఉండడం వల్ల కాబోలు, నాకు తుడుచుకోవడానికి అంగడిలో ఉన్న గుడ్డ ఇచ్చింది. అది గ్రీసు వాసన వేస్తోంది.

ఏడుపు అయిపోయాక పని మనిషిని కదా, పని గురించే మాట్లాడాను. ఈ వస్తువులు ఎవరివి వాళ్ళకు చేరాలి. ఎవరి నంబరూ లేదు. ఫోన్ చేసిన వెంకటరాయప్పకైతే చెప్పగలను, నన్ను దారి అడక్కుండానే వచ్చిన మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళో దేవుడికే తెలియాలి. బొమ్మసంద్ర దాటి అత్తిబెలె దాకా ప్రకటన పెట్టింది నేనే. వాళ్ళు ఏ దారిన వచ్చారో ఆ దారినే పోయి చెప్పాలి.

“కొత్త వీడియో తీయాలి అక్కా. మీరే చెప్పాలి.”

“నువ్వు చెప్పరాదా?”

“నేనెవరో వాళ్ళకు తెలియదు. పేలిక చించి చేతిలో పెట్టింది మీరు. మీ ముఖం చూస్తేనే ఆగుతారు.”

ఆమె గోడ పొడుగునా ఉన్న మిక్సీల వైపు చూసింది. తరిగిన బీన్సు మీద మూత పెట్టింది. లోపలికి పోయి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చింది. నేను షట్టరు పూర్తిగా పైకి ఎత్తాను. ఆయన కుర్చీలో కూర్చోమంటే వద్దంది. దాని పక్కన నిలబడింది.

అంగడివాళ్ళ చేత మాట్లాడించడానికి నాకొక పద్ధతి ఉంది. మాటలు రాసిస్తే బడిపిల్లల్లా అప్పజెపుతారు. అందుకే కెమెరా వెనక నుంచి కొనడానికి వచ్చినదానిలా నేను అడుగుతాను, వాళ్ళు జవాబు చెబుతారు. తర్వాత ఎడిటింగులో నా గొంతు తీసేస్తాను.

“అక్కా, మోహన్‌కుమార్ గారు ఉన్నారా?”

“బయటికి పోయుండాడు,” అంది ఆమె వెంటనే. అనేసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

“పరవాలేదు, మళ్ళీ. మోహన్‌కుమార్ గారు ఉన్నారా?”

“బయటికి పోయుండాడు.”

మూడోసారీ అదే. నాకు విసుగు రాలేదు, భయం వేసింది. ఆ మాట తీసేస్తే ఈమెకు ఇంకేం మిగులుతుందో అనుకున్నాను. అయినా రికార్డింగు ఆపలేదు. ఈసారి వేరేగా అడిగాను.

“ఎప్పుడొస్తారు?”

సందులో ఆటో ఒకటి పోయింది. చిక్కమ్మ ఎవరితోనో బేరమాడటం వినబడుతోంది. శశికళక్క కుర్చీ వీపు మీద చేయి వేసింది.

“రాడు,” అంది.

నేను కెమెరా కదలకుండా పట్టుకున్నాను.

“రాడు. పోయి మూడు నెలలు దాటె. మీ కాడ నేను అబద్ధం చెప్పినా. మీ మిక్సీలు, గ్రైండర్లు అన్నీ భద్రంగా ఉండాయి. రిపేరు కాలేదు. చీర ముక్క తెచ్చి, మీ వస్తువు మీరు తీసుకొని పోండి.” నేను అడగకుండానే, “ఆయప్ప మీద కోపం చేసుకోవద్దండి. తప్పు నాది,” అంది.

అక్కడే కూర్చుని ఫోన్‌లోనే ఎడిట్ చేశాను. రాడు అన్న మాటను మొదటి ఐదు సెకన్లలో పెట్టాను. ఆ తర్వాత స్కిప్ చేసినా విషయం తెలిసిపోతుంది. నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే. అది ఆ రోజున అనిపించినంత చేదుగా నాకెప్పుడూ అనిపించలేదు. వెంకటరాయప్పకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన గ్రైండరు మాటే ఎత్తలేదు. “ఆయమ్మ అన్నం తింటా ఉందా?” అని అడిగాడు.

ఇక పాతది ఆపాలి. శశికళక్క నా పక్కకు వచ్చి కూర్చుని, నా ఫోన్‌లోకి తొంగి చూసింది.

“కొత్తది వచ్చేదాకా ఇది నడవనీరాదా?”

“నడిస్తే ఇంకొకరు మిక్సీ మోసుకొస్తారు అక్కా.”

ఆమె తల ఊపింది. నేను నొక్కాను. ఆపమంటారా అని ఫోన్ ఇంకోసారి అడిగింది. దానికీ అవునని చెప్పాను.

“అయిపోయెనా?”

“అయిపోయింది. అన్ని ఫోన్లలోనూ ఒక్కసారే ఆగదు. కాస్త టైం పడుతుంది.”

ఆమె లేచి, తన ఫోన్ తెచ్చి స్టెబిలైజరుకు ఆనించింది. ఉప్మా వీడియో మొదటి నుంచి పెట్టింది. తరగడానికి బీన్సు లేవు, చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుంది.

“అట్లయితే ఇంకొక తూరి రావచ్చునా?”

నాకు తెలియదు. రాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. తెలియదు అనే చెప్పాలి. పొద్దున నేను ఒంటికాలి మీద లేచి ఈ అంగడికి వచ్చింది అబద్ధాలు మానమని చెప్పడానికే.

“వస్తారక్కా,” అన్నాను. స్టూలు దగ్గరికి జరుపుకుని ఆమెతో పాటు కూర్చున్నాను.