లెక్కకు రాని జడ

ఆ పిల్ల జుట్టు చిక్కు తీయాలంటే కింది నుంచి మొదలుపెట్టాలి. పైనుంచి దువ్వెన దించితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు పెళ్లయిన మొదటి ఏడాదంతా పట్టింది. మా ఆయనకు మొదటి భార్య వల్ల కలిగిన కూతురు, నన్ను పిన్నీ అంటుంది. రోజూ పొద్దున నా మోకాళ్ల మధ్య కూర్చుని, రబ్బరు బ్యాండు పళ్లతో పట్టుకుని, బడి కబుర్లన్నీ చెబుతుంది. మింగేస్తావే అంటే, "ఇప్పటిదాకా మింగానా?" అంటుంది.

నేను కన్న కొడుకు ఇంకో ఇంట్లో, వాళ్ల నాన్న దగ్గర ఉంటాడు. వాడికీ ఒక పిన్ని ఉంది. మేం విడిపోయిన రోజుల్లో నాకు ఉద్యోగం లేదు, సొంతంగా ఒక గది కూడా లేదు. అందుకని పిల్లాణ్ణి నాకు ఇవ్వలేదు. తర్వాత రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. అందుకని వాడి పోషణకు నెలనెలా కట్టమన్నారు. కడుతున్నాను. కన్నదాన్ని, కట్టనా? ఆదివారం మధ్యాహ్నం మాత్రం వాడు నావాడు. పార్కులో ఉయ్యాల ఊపుతాను. వాడి గోళ్లు ఎవరో శ్రద్ధగా కత్తిరించి ఉంటారు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చుంటాను.

ఈ ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ కబురు నాకంటే ముందే వాడి తండ్రికి తెలిసినట్టుంది, పోషణ పెంచమని పిటిషన్ వేశాడు. పెంచితే నాకు మిగిలేది ఒకటే దారి, ల్యాబ్‌లో ఆదివారం అదనపు షిఫ్టు. కొడుకు కోసం కొడుకును చూడటం మానుకోవాలి.

మా ఇంటా వంటా డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. అందుకేనేమో అచ్చులో ఉన్నదేదైనా న్యాయంగానే ఉంటుందని నా నమ్మకం. పోషణ రూల్స్ పుస్తకం తెచ్చుకుని, కాలేజీలోలాగే పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివాను. పిల్లలు వేరు వేరు ఇళ్లలో ఉన్నప్పుడు, మన దగ్గర పెరిగే బిడ్డను కూడా చూసుకుని, ఆ తర్వాతే రెండో ఇంటి బిడ్డకు ఎంత కట్టాలో తేల్చాలట. ఎంత సంబరపడ్డానో! నా దగ్గర పెరిగే బిడ్డ ఉంది కదా. దానికి జ్వరం వస్తే సెలవు పెట్టేది నేను. బడి ఫీజు, బూట్లు, పళ్ల డాక్టరు, అన్నీ నా జీతంలోవే.

ఆ పేజీ చూపిస్తే మా లాయరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కన్న బిడ్డో, దత్తత తీసుకున్న బిడ్డో అయ్యుండాలమ్మా. భర్త కూతురు మీ లెక్కలోకి రాదు. అయితే ఒకటి. మీ ఆయన వచ్చి, మా అమ్మాయి ఈవిడ జీతం మీద కూడా పెరుగుతోందని ఒక్క మాట చెబితే, జడ్జిగారు ఆలోచించొచ్చు."

ఆ ఒక్క మాట కోసం, ఆయన షర్టు ఇస్త్రీ చేస్తూ అడిగాను. ఆయన నవ్వారు. "నా కూతురు పెళ్లాం సంపాదన తింటోందని నలుగురిలో చెప్పుకోమంటావా?"

"తినడం ఏమిటండీ? పెంచుతున్నాం అని చెప్పండి, చాలు."

లోపల్నుంచి అత్తగారు అందుకున్నారు. "మన పిల్ల పేరు చెప్పి ఆ పిల్లాడికి ఎగ్గొడదామని చూస్తోందిరా. కన్నతల్లి బుద్ధి చూశావా?"

అయినా ఆయన కోర్టుకు వస్తానన్నారు. ఆశపడ్డాను.

కోర్టు వరండాలో బెంచీ మీద నా పక్కన వచ్చి కూర్చుంది, నా కొడుకు పిన్ని. వాడి తండ్రి ఫోన్ మాట్లాడుకుంటూ దూరంగా తిరుగుతున్నాడు. "మీరు కట్టేది ఆయన చేతికి పోతుందక్కా. వాడి అలకలన్నీ నాకొస్తాయి," అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒకరోజు విసుగొచ్చింది. నాకేం సంబంధం, నేనెందుకు చేయాలి అని చేతులు కట్టుకుని కూర్చున్నా. ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియలేదు. వాడొక్కడే తల దువ్వుకోకుండా బడికి పోయాడు."

లోపల మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన షర్టులో నిటారుగా నిలబడి, "మా అమ్మాయి ఖర్చంతా నాదేనండి. ఈవిడ పెట్టేదేం లేదు," అన్నారు. ఇంకేముంది? అంతా రూలు ప్రకారమే జరిగింది. పోషణ పెంచారు.

బయటికి వచ్చి ల్యాబ్ మేనేజరుకు ఫోన్ చేసి అదనపు షిఫ్టు అడిగాను. "ఆదివారం కూడా వస్తారా మేడమ్? ఇంట్లో ఏం తోచడం లేదా?" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన తల్లికి ఉత్సాహంగా చెబుతున్నారు. "మన పరువు నిలబెట్టి వచ్చానమ్మా."

పిల్ల నమలడం ఆపింది. "పిన్ని నాకేం పెట్టదా నాన్నా?"

"ఏం పెడుతుందే? అంతా నేనేగా."

అప్పుడు నేను దాని కంచంలోనే కూర వడ్డిస్తున్నాను. అది నా చేతి వైపు చూసింది, తర్వాత నా ముఖం వైపు. నేను పెరుగు గిన్నె అందుకున్నాను.

పొద్దున దువ్వెన పట్టుకుని వచ్చింది కానీ నా ముందు కూర్చోలేదు. "నేనే వేసుకోనా పిన్నీ?"

"వేసుకో," అన్నాను.

చేతులు కట్టుకున్నాను. కోర్టులో చెప్పిన మాట ఒక్క రోజైనా నిజం కానీ, అనుకున్నాను. అది పైనుంచి దువ్వెన దించింది. చిక్కు దగ్గర ఆగింది, లాగింది, ఏడవలేదు. వంకర జడ ఒకటి అల్లుకుని, సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది. అత్తగారు పేపరు చదువుకుంటున్నారు. ఆయన కాఫీ అడిగారు. ఎవరికీ తెలియలేదు.

గ్లాసు కడుగుతుంటే నా చేతులు ఆగిపోయాయి. ఆ ఇంట్లో ఆవిడ కూడా ఈ పొద్దున ఇలాగే కూర్చుంటే? ఇక నాకు ఆదివారాలు లేవు. వాడి తల ఎవరైనా దువ్వారో లేదో తెలుసుకునే దారి కూడా లేదు.

దువ్వెన తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. బడి వ్యాను అప్పటికే మలుపు తిరుగుతోంది. వెనక కిటికీ అద్దంలోంచి చూస్తే అది నావైపు వీపు పెట్టి కూర్చుంది, సగం ఊడిపోయిన జడతో.