తొలి నేల

కుడి డొక్కలో మొదలైన నొప్పి గజ్జలదాకా దిగి లోసివాలెను బస్సులోనే మెలిపెట్టింది. ఏడో నెల. త్వరలో ఓడెక్కి సవాయి దీవికి, పుట్టింటికి, కాన్పుకు పోవలసిన మనిషి. భర్త యోఆపో ఆమెను రాజధాని ఆపియాలో ఆసుపత్రికి చేర్చాడు. మూత్రపిండంలో రాయి ఉందనీ, జ్వరం కూడా తగిలిందనీ, ఈ బాధ గర్భసంచిని రెచ్చగొడితే బిడ్డ ముందే పుట్టే ప్రమాదముందనీ డాక్టరమ్మ చెప్పింది. ప్రస్తుతానికి ఓడ మాట ఎత్తవద్దంది.

రాయికన్నా ఆ చివరి మాటే లోసివాలెకు బరువనిపించింది. వాళ్ళ భాషలో నేలకూ, బిడ్డతో పడే మాయకూ ఒకటే మాట: ఫనువా. అమ్మమ్మ పుట్టినప్పటి మాయ, అమ్మ పుట్టినప్పటి మాయ, తనది, అన్నీ పుట్టింటి పెరట్లో సీమపనస చెట్టు మొదట్లోనే మట్టిలో కలిశాయి. తన బిడ్డది కూడా అక్కడే కలవాలి. అమ్మ చేతులు వీపు పట్టుకుని ఉండగా తాను కనాలి. ఎందుకని అడిగితే ఆమె చెప్పలేదు. వేరును కారణం అడుగుతామా?

యోఆపో అత్తగారికి ఫోను చేసి 'ఫతు' అన్నాడు. ఆ మాటకు రాయి అనీ అర్థమే, గుండె అనీ అర్థమే. ఆవిడ గుండె అని విన్నది. ఆదివారం చర్చిలో ఊరు ఊరంతా లోసివాలె గుండె కోసం ప్రార్థించింది.

"గుండె కాదమ్మా, మూత్రపిండం," అంది లోసివాలె ఫోనులో.

"మరి ఆ మొద్దు అలా ఏడ్చాడేం? పాస్టరుగారు గంటసేపు నీ గుండెను దేవుడికి అప్పజెప్పాడే. అది కాదండీ, ఇంకాస్త కిందనండీ అని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఇద్దరూ నవ్వారు. నవ్వితే డొక్కలో పొడిచింది. ఆ ప్రార్థన మరీ దారి తప్పలేదేమోనని ఫోను పెట్టేశాక అనుకుంది.

జ్వరం తగ్గింది. నొప్పీ సద్దుమణిగింది. ఇలాగే ఉంటే ఓడ సంగతి ఆలోచిద్దామని డాక్టరమ్మ అన్న ఉదయమే లోసివాలె సంచీ సర్దుకుంది. అప్పుడే పొట్ట ముందువైపు గట్టిపడింది. వదిలింది. మళ్ళీ గట్టిపడింది. రాయి పొడుస్తుంది; ఇది పిడికిలిలా బిగుస్తోంది. తేడా ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు దాచుకోవడానికి మనసు ఎంత నేర్పుగా సాయపడుతుందో అప్పుడు చూసింది. రాయే అనుకో, అంది మనసు. ఎవరికీ చెప్పకు. ఆవలి రేవులో అమ్మ నిలబడి ఉంటుంది.

పొట్ట మరోసారి బిగిసింది. ఆమె నర్సు తిలోమైని పిలిచింది.

"అక్కా, ఇది రాయి కాదు."

తిలోమై పొట్టమీద చెయ్యివేసి కాసేపు ఆగి చూసింది. మంచంమీది సంచీ తీసి మంచం కిందికి తోసింది. నొప్పులు ఆగడానికి మందు ఎక్కించారు. బిడ్డ ఊపిరితిత్తులకు బలమివ్వడానికి సూది వేశారు. సాయంత్రానికి బిగువు సడలింది. ఇక కాన్పయ్యేదాకా ఆసుపత్రి గడప దాటవద్దన్నారు.

"అమ్మా, మన ఫనువాకు రాలేకపోతున్నా," అంది ఫోనులో.



"పిచ్చిదానా, బిడ్డ ఇప్పుడు దాని ఫనువాలోనే కదే ఉంది? కాలం రాకుండా అక్కణ్ణించి పెకలించకు. ఈ చెట్టుకేం తొందర? మాయను నేనే చంకలో పెట్టుకుని తెచ్చుకుంటా. శనివారం ఓడకి వస్తున్నా. నీ వీపు పట్టేది నా చేతులు గానీ, చెట్టు కొమ్మలు కాదుగా."

లోసివాలె కిటికీవైపు తిరిగి పడుకుంది. అక్కణ్ణించి సముద్రం కనబడదు. సవాయి అటేనని మాత్రం తెలుసు. లోపల బిడ్డ కదిలి, మళ్ళీ కుదురుకుంది. పొట్టమీద చెయ్యి వేసి, ఆ దిక్కుకేసే చూస్తూ, ఆమె కదలకుండా ఉండిపోయింది.