నూరు దాటితే మోగే గంట

నల్ల టై, జపమాల, ఊరేసిన ఉమె కాయ పెట్టి చుట్టిన అన్నం ముద్దలు మూడు. మామగారి ఏడో ఏటి ఆబ్దికానికి మత్సుమొతో ఊరికి వెళ్తున్న భర్త మసాకి సంచిలో చియొకో అన్నీ సర్దింది. ఏడో నెల కడుపుతో ఆ కనుమ దారిలో తాను వెళ్ళడం కుదరదు.

బయట రెండు తలుపుల తెల్లకారు అప్పుడే గుర్రుమంటోంది. పొడుగు ముక్కు, నేలకు ఆనినట్టుండే ఒళ్ళు, ఎనిమిదేళ్ళ పాతది. వెనక సీటులో పసిబిడ్డను పడుకోబెట్టే చోటైనా లేదని, కొత్త సంవత్సరం రాగానే అమ్మేయడానికి మసాకి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న నాటినుంచీ దాన్ని మరీ ఉరికిస్తున్నాడు.

"మలుపులో గుడి దాకా ఎక్కు. నీకో తమాషా చూపిస్తా," అన్నాడు.

ఆ కాలపు కార్లలో వేగం నూరు కిలోమీటర్లు దాటితే హెచ్చరికగా కింకాన్, కింకాన్ అని గంట మోగేది. పోయిన ఆదివారం అది మోగినప్పుడు చియొకో తలుపు పట్టుకుని, "ఏవండీ, ఆ గంట వింటే నా గుండె జారిపోతోంది. ఇంక దాన్ని మోగనివ్వకండి," అంది. సరేనన్నాడు. ఆ మాట నమ్ముకునే వారం రోజులు నిశ్చింతగా నిద్రపోయింది.

ఊరి బయట మంచు ఇంకా విడలేదు. కరెంటు స్తంభాలు దూసుకుపోతున్నాయి. గంట మోగలేదు. నూరు దాటలేదులే అనుకుంటూ వేగం చూపే ముల్లు వైపు చూసింది. నూట ఇరవై.

"ఏవండీ! గంటేదీ?"

"పీకేశా. భయమన్నావుగా, పిరికిదానా!"

"నా భయం గంటంటే కాదండీ! మీకు పుణ్యముంటుంది, మళ్ళీ పెట్టెయ్యండి."

"తొమ్మిదింటికి ఆబ్దికం జరిపించే సన్యాసి వచ్చి కూర్చుంటాడు. ఆలస్యమైతే అన్నయ్య నన్నూ నాన్న సమాధిలోనే పెడతాడు. రేపు రాగానే పెడతాలే."

"అందాకా వేగం ఎలా తెలుస్తుంది?"

"కళ్ళున్నాయిగా."

"మంచులో ముల్లు చూస్తారా, దారి చూస్తారా?"

అతను గుడి దగ్గర ఆమెను దింపి, అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. "ఇదిగో నీ గంట. జాగ్రత్తగా దాచు, అమ్మేటప్పుడు అడుగుతారు."

చియొకో కడుపు పట్టుకుని అక్కడే నిలబడింది. కారు కనుమ ఎక్కుతున్న చప్పుడు మలుపు మలుపుకీ సన్నబడుతోంది. మోగనివ్వకండి అన్నది తానే. చేతిలో డబ్బాను చెవికి ఆనించుకుంది. ఏమీ వినిపించలేదు.

1981 నవంబరు ఎనిమిది, ఆదివారం ఉదయం ఆ కనుమ ఎక్కిన మసాకి తిరిగి రాలేదు.