వంటింట్లో మూడు గుంటలు

వంటింట్లో మూడో గుంట పడిన మూడోరోజున హెర్మీనియా గ్యాసు పొయ్యిని మోసుకెళ్లి వెనక వసారాలో పెట్టుకుంది. సిలిండరు దొర్లించుకుంటూ వెళ్లింది, రెండు గిన్నెలూ ఒక గరిటే తెచ్చుకుంది, స్టూలు వేసుకుని కూర్చుని ఎండుచేపలు వేయించడం మొదలుపెట్టింది. లోపల ఆమె మొగుడు క్రిసాంతో ఉలి మీద సుత్తితో కొడుతూనే ఉన్నాడు.

“నాయ్, కాసిని మంచినీళ్లు,” అన్నాడు లోపలినుంచి.

“నీళ్లు కట్టేసింది నువ్వే కదా తాయ్. తిప్పినప్పుడు తాగుదువుగాని.”

పిల్లలు పుట్టినప్పటినుంచీ, తమ ఊరు ఇలోయిలోలో చాలామంది లాగే, వాళ్లూ ఒకరినొకరు అమ్మ, నాన్న అన్నట్టు నాయ్, తాయ్ అనే పిలుచుకుంటున్నారు. పిల్లలిద్దరూ పెళ్లిళ్లయి మనీలా వెళ్లిపోయినా పిలుపులు మాత్రం ఇంట్లోనే మిగిలాయి.

గొడవంతా మార్చి నెలలో మొదలైంది. స్నానాలగదిలో షవరు నుంచి నీళ్లు సన్నబడి, చివరికి చుక్కలుగా రాలడం మొదలుపెట్టాయి. రోడ్డు పక్కనున్న మీటరు చూస్తే, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా లోపలి చక్రం నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. ఎక్కడో నీళ్లు పోతున్నాయి.

“ప్లంబర్ని పిలుద్దాం,” అంది హెర్మీనియా.

అనకూడని మాట అది. క్రిసాంతో ముప్పై ఒక్క ఏళ్లు సరుకు ఓడల్లో సెకండ్ ఇంజనీరుగా పనిచేసి, రెండేళ్ల కిందటే ఇంటికొచ్చి కూర్చున్నాడు. అంతకుముందు సెలవులకి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విప్పేవాడు, సెలవు అయిపోగానే వెళ్లిపోయేవాడు. ఇప్పుడు విప్పడానికి ఏడాది పొడుగునా సెలవే.

“నలభైవేల టన్నుల ఓడ ఇంజను చూసుకున్నవాణ్ణి. అరంగుళం పైపు కోసం ఇంకొకణ్ణి పిలవాలా?” అన్నాడు.

ముందు కుళాయిలన్నిటికీ వాషర్లు మార్చాడు. ఆ తరవాతినుంచి స్నానాలగది కుళాయి కట్టేసే వైపు తిప్పితే నీళ్లు వచ్చేవి, తెరిచే వైపు తిప్పితే ఆగేవి. అలవాటైపోతుందిలే అన్నాడు. తరవాత ఫ్లష్ ట్యాంకు విప్పాడు. అప్పటినుంచి మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి గొలుసు లాగితే తప్ప అది పనిచెయ్యడం మానేసింది. మీటరు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతోంది.

ఒకరోజు పొద్దున హెర్మీనియా లేచి వంటింట్లోకి వెళ్లేసరికి అతను నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన టైలు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు.

“ఏమైంది?”

“ష్. ఇంజను రూములో బేరింగు పోతే ఇలాగే వినేవాళ్లం. కింద బుస్సుమంటోంది.”

“అది పక్కింటివాళ్ల ఫ్యాను.”

అతను వినిపించుకోలేదు. ఆ మధ్యాహ్నమే మొదటి గుంట తవ్వాడు. ఆకుపచ్చ టైళ్లు ఆరు పగిలాయి. కింద ఎండిన మట్టి తప్ప ఏమీ లేదు. రెండో గుంటలో పైపు దొరికింది. తుడిచినట్టు పొడిగా, చెక్కుచెదరకుండా ఉంది. మూడో గుంటలో ఉలి తిన్నగా పైపుకే తగిలి నీళ్లు పైకి చిమ్మాయి. రోడ్డుదాకా పరుగెత్తి మీటరు దగ్గర కట్టేసి వచ్చేసరికి బియ్యం డబ్బా కిందదాకా నీళ్లు చేరాయి. ఆ చిల్లు పూడ్చడానికి రెండు రోజులు పట్టింది. పూడ్చాక మీటరు చూస్తే మళ్లీ మామూలే. అతను నీళ్లు మళ్లీ కట్టేసి, ఆ గుంటనే వెడల్పు చెయ్యడం మొదలుపెట్టాడు.

శుక్రవారం చర్చి ఆడవాళ్లు తన ఇంట్లో ప్రార్థనకి రావాల్సి ఉంటే, హెర్మీనియా నాలుగిళ్లకీ ఫోన్ చేసి తనకి జ్వరమని అబద్ధం చెప్పింది. అబద్ధం చెప్పినందుకు కాదు గాని, గుంటల కోసం అబద్ధం చెప్పాల్సి వచ్చినందుకు ఆమెకి ఒళ్లు మండిపోయింది.

చేపలు వేగుతుండగా ఆమె కళ్లు వసారా గోడకి ఉన్న ఇత్తడి వాల్వు మీద పడ్డాయి. నీళ్ల పైపు ఇంట్లోకి వచ్చే చోటు అది. క్రిసాంతో నీళ్లు కట్టేయాలనుకున్న ప్రతిసారీ మీటరు దగ్గరికే వెళ్లి కట్టేస్తున్నాడు. ఈ గొడవ మొదలయ్యాక దీన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆమె పొయ్యి ఆర్పి, ఆ వాల్వు గట్టిగా తిప్పి మూసేసింది. గౌనుకి చేతులు తుడుచుకుని, పక్క సందులోంచి రోడ్డు మీదికి వెళ్లి మీటరు దగ్గర కట్టేసిన నీళ్లు తిరిగి వదిలి, అక్కడే గొంతుక్కూర్చుంది.

చక్రం తిరుగుతోంది. ఇంట్లోకి చుక్క నీరు వెళ్లడంలేదు. అయినా తిరుగుతోంది.

ఆమె తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. “తాయ్, సుత్తి కింద పెట్టు. కారేది ఇంట్లో కాదు. మీటరుకీ వసారాకీ మధ్య.”

“ఆ వాల్వు పాతది. సరిగ్గా మూసుకోదు.”

“దాన్ని మార్చింది నువ్వే, పోయిన క్రిస్మస్‌కి.”

క్రిసాంతో నుదురు తుడుచుకున్నాడు. “ఆ మధ్యలో ఏమీ ఉండదు నాయ్. ఆ వైపు నేను చూశాను.”

“ఎప్పుడు చూశావు?”

అతను ఉలి కొన పరీక్షగా చూసుకోవడం మొదలుపెట్టాడు.

మీటరుకీ వాళ్ల వసారాకీ మధ్య ఉన్నది హెర్మీనియా అక్క రోసెండా పెరడు. వాళ్ల నాన్న స్థలాన్ని రెండుగా పంచి రోడ్డువైపు ముక్క పెద్దదానికీ, వెనక ముక్క చిన్నదానికీ ఇచ్చాడు. నీళ్ల పైపు ఆయన కాలంలో వేసిందే, అక్క పెరట్లోంచే వస్తుంది. ఆరేళ్ల కిందట క్రిసాంతో సెలవుకి వచ్చినప్పుడు రెండు స్థలాల మధ్య గోడ కట్టాడు. తనే కట్టాడు. దారం కట్టి కొలుచుకోమని రోసెండా నాలుగుసార్లు చెప్పింది. నా కంటికి దారం అక్కర్లేదన్నాడు. గోడ పూర్తయ్యేసరికి ఒక చివర జానెడు ఆమె వైపుకి జరిగి ఉంది. మాటా మాటా పెరిగింది. అతను ఓడెక్కి వెళ్లిపోయాడు. అక్కచెల్లెళ్లు మాత్రం ఇక్కడే ఉండి, ఆరేళ్లుగా పూజకి వెళ్లినప్పుడు చర్చిలో చెరో వైపు కూర్చుంటున్నారు.

హెర్మీనియా చెప్పులు మార్చుకుని అక్క గేటు దగ్గరికి వెళ్లింది. తట్టబోయి ఆగింది. తరవాత తట్టి, తనే గేటు తోసింది.

రోసెండా బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. ఆ సమయానికి ఆమె పెరట్లో పీట వేసుకుని కూర్చుని, ఇనప బద్దతో గోడ అడుగున పెచ్చులూడిన రంగు గీకుతోంది. చెల్లెల్ని చూసి బద్ద ఆపింది గాని లేవలేదు.

“ఎవరన్నా పోయారా?” అంది.

“లేదు మనాంగ్. నీళ్ల పైపు సంగతి.” అక్కని అలా పిలిచి ఆరేళ్లయింది.

హెర్మీనియా రెండడుగులు లోపలికి వేసేసరికి చెప్పు బురదలో దిగబడిపోయింది. గోడ పొడుగునా చేమమొక్కలు ఛాతీ ఎత్తున పెరిగి ఉన్నాయి. గోడ మోకాలెత్తు వరకూ పాచి. వర్షం చూసి మూడు నెలలైన ఊళ్లో ఆ పెరడు వరిమడిలా ఉంది.

“ఇదేంటి మనాంగ్, ఇంత తడి?”

“నన్నడుగుతావా?” రోసెండా బద్ద కింద పెట్టింది. “నాలుగుసార్లు మట్టి తోలించాను. ఏటా తడి ఎక్కని రంగని చెప్పి కొనుక్కొచ్చి నేనే వేస్తున్నాను. ఏటా ఊడిపోతోంది. అటకమీద రంగు డబ్బాలు చూస్తావా? మీరు బట్టలుతికిన నీళ్లు గోడ కిందనుంచి నా వైపు వదుల్తున్నారనుకున్నాను.”

“నా బట్టల నీళ్లా? నేను అవతలి మూల ఉతుకుతాను. ఆ మాట ఒక్కసారి వచ్చి అడగొచ్చుగా.”

“నువ్వు ఒక్కసారి వచ్చావా?”

హెర్మీనియా బురదలోంచి చెప్పు లాక్కుంది.

“ఇంట్లో మూడు గుంటలు తవ్వాడు,” అంది హెర్మీనియా ఉన్నట్టుండి. “పొయ్యి వసారాలో పెట్టుకున్నాను. స్నానాల గదిలో కుళాయి తెరవాలంటే మూసెయ్యాలి. నాకు అరవై రెండేళ్లు మనాంగ్. మగ్గు పట్టుకుని రోడ్డు మీద నీళ్ల కోసం నిలబడ్డాను.”

రోసెండా నవ్వలేదు. లేచి, వంగిపోయిన నడుము సరిచేసుకుంది. “తవ్వించుకో ఇందాయ్,” అంది, చెల్లెల్ని చిన్నప్పుడు పిలిచినట్టే. “కానీ నిజం ప్లంబరు వచ్చి తవ్వాలి. నీ మొగుడు సుత్తి పట్టుకుని నా గేటు దాటితే ఒప్పుకోను.”

మర్నాడు పొద్దున్నే తిబూర్స్యో వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఇళ్ల పైపులన్నీ నలభై ఏళ్లుగా చూస్తున్న ముసలాయన. ట్రైసికిల్ కప్పు మీద పైపులు కట్టించుకుని, మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి దిగాడు. క్రిసాంతో కూడా వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయని రోసెండాకి రెండు వైపులా తిప్పి చూపించాకే గేటు దాటాడు.

“మనోంగ్, అక్కడ తవ్వక్కర్లేదేమో. రోడ్డువైపు చూడండి,” అన్నాడు తిబూర్స్యోతో, పెద్దన్నని పిలిచినట్టు మర్యాదగా.

“చేమలు ఎక్కడ బలిసాయో అక్కడే తవ్వాలి బాబూ,” అని ముసలాయన గోడ అడుగునే పార దింపాడు.

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బురద నీళ్లు తోడి పోసేసరికి పైపు కనిపించింది. దానికి ఒకచోట లావుగా ఏదో చుట్టి ఉంది. తిబూర్స్యో వేలితో మట్టి తుడిచాడు. సైకిలు ట్యూబు ముక్క. మీద ఇనప తీగ వరసలు వరసలుగా చుట్టి, కొనలు లోపలికి మడిచి దోపి ఉన్నాయి. రబ్బరు చివికి పీచులా అయిపోయింది. దాని సందుల్లోంచి నీళ్లు పొంగుతున్నాయి.

“ఎవరు కట్టారిది?” అన్నాడు తిబూర్స్యో.

హెర్మీనియాకి చూడగానే తెలిసింది. ఆ ముడి తన ఇంట్లో బట్టల తీగకి ఉంది, గేటు గడియకి ఉంది, పెనం పిడికి ఉంది. ఓడల్లో నేర్చుకున్న ముడి అని పిల్లలకి చూపించి మురిసిపోయేవాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను నేల చూస్తున్నాడు.

“గోడకి పునాది తవ్వుతుంటే పలుగు తగిలింది,” అన్నాడు చివరికి.

“తగిలితే?”

“కట్టేశాను. గట్టిగానే కట్టాను. చెప్తే గోడ ఆపించేవాళ్లు. సెలవు ఇంక వారమే ఉంది.” తరవాత మెల్లగా అన్నాడు, “ఆరేళ్లు ఆగింది కదా.”

“ఆగలేదు,” అంది రోసెండా. “ఆరేళ్లూ కారింది. నా వైపు.”

హెర్మీనియా సందులోంచి ఇంటికి వెళ్లిపోయింది. వంటింట్లో మూడు గుంటల మధ్య నిలబడింది. కోపంతో పగిలిన టైలు ముక్కని కాలితో గుంటలోకి తన్నింది. కాసేపటికి వెనకాల అడుగుల చప్పుడైంది.

“నీకు తెలుసు,” అంది ఆమె తిరగకుండానే. “నీళ్లు ఎక్కడ పోతున్నాయో నీకు మొదటినుంచీ తెలుసు.”

“తెలీదు నాయ్. ఒట్టు. అది కాకపోతే బాగుండుననుకున్నాను. అందుకే ఇక్కడ వెతికాను.”

అది నిజమని ఆమెకి అర్థమైంది. దానివల్ల కోపం తగ్గలేదు.

“ఓడలో ఇలాంటిది చేస్తే ఏమయ్యేది?”

“పుస్తకంలో రాసి చీఫ్‌కి చెప్పాలి. దాచినట్టు తేలితే మరుసటి రేవులో దింపేస్తారు.”

“మరి ఇక్కడ?”

అతను పగిలిన టైలు అంచుమీద కూర్చున్నాడు. సుత్తి లేకుండా, పానా లేకుండా అతని చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు మోకాళ్ల మీద పడి ఉన్నాయి. “ఓడలో నేను ఇంజను రూములోకి దిగానంటే అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లు,” అన్నాడు. “ఇక్కడ నేను పనిముట్ల పెట్టె తెరిస్తే నువ్వు గిన్నెలు సర్దుకుంటావు.”

“గిన్నెల్లో సిమెంటు పడుతుంది కాబట్టి సర్దుకుంటాను. వెళ్లి మనాంగ్‌కి చెప్పు. నాకు కాదు.”

అతను వెళ్లాడు. ఆమె కూడా వెనకే వెళ్లి గోడ ఇవతలే నిలబడి వింది.

“మనాంగ్, తప్పు నాదే,” అంటున్నాడు క్రిసాంతో. “అప్పుడే చెప్పాల్సింది. గోడ కూడా వంకరే.”

“గోడ సంగతి నాకు అప్పుడే తెలుసు. నీకు తెలియడానికి ఆరేళ్లు పట్టింది,” అంది రోసెండా. “నిలబడి ఏం చూస్తున్నావు? ముసలాయన ఒక్కడే పైపు ఎత్తలేకపోతున్నాడు, పట్టు.”

పాత పైపుని మట్టిలోనే వదిలేసి, కొత్తది గోడ వెంట పైకి కనబడేలా వేద్దామన్నాడు తిబూర్స్యో. ఇకముందు ఏదైనా కారితే కళ్లకి కనిపిస్తుందన్నాడు. క్రిసాంతో పైపు పట్టుకున్నాడు, అడిగిన పానా అందించాడు, అడగని సలహాలు రెండు ఇచ్చాడు. అందులో ఒకటి పనికొచ్చింది. గోడ వంకర వల్ల మధ్యలో పైపుకి ఒక ఎల్బో వంపు ముక్క అదనంగా వేయాల్సి వచ్చింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నానికి మీటరు చక్రం నిలిచిపోయింది. రోసెండా లస్వా పులుసు కాచి గిన్నెతో సహా అందరి ముందూ పెట్టింది. హెర్మీనియా తిన్నది. ఉప్పు తక్కువైందని అనబోయి ఊరుకుంది.

ఇక మిగిలింది వంటిల్లు. గుంటలు తనే పూడుస్తానని, టైళ్లు పరచడం తనకి తెలుసునని క్రిసాంతో అనబోతుంటే, “వద్దు,” అన్నారు అక్కాచెల్లెళ్లు ఒక్కసారే.

సోమవారం టైళ్ల మనిషి వస్తానన్నాడు. శనివారం అక్కాచెల్లెళ్లిద్దరూ జీప్నీ బండి ఎక్కి బజారుకి వెళ్లారు. ఆ ఆకుపచ్చ రంగు ఇప్పుడు తయారుకావడంలేదని కొట్టులో అమ్మాయి చెప్పింది. మొత్తం వంటిల్లంతా కొత్తగా వేసుకోవాల్సిందే. హెర్మీనియా లేత గోధుమరంగు చూపించింది.

“మురికి కనిపిస్తుంది,” అంది రోసెండా.

“కనిపిస్తే తుడుస్తాను మనాంగ్.”

“నువ్వా? చిన్నప్పుడు నీ వంతు గిన్నెలు ఎవరు తోమారు? బూడిదరంగు తీసుకో.”

“బూడిదరంగు ఆస్పత్రిలా ఉంటుంది.”

“ఆస్పత్రిలో తెలుపు ఉంటుంది ఇందాయ్.”

కొట్టు అమ్మాయి రెండు ముక్కలూ కౌంటరు మీద పెట్టి, భోజనం చేసి వస్తానని లోపలికి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు, ఇప్పుడు మూడో రంగు గురించి మాట్లాడుకుంటున్నారు. చివరికి హెర్మీనియా బూడిదరంగే కొంది. ఇంటికి తెచ్చి, గుంట పక్కన ఒక టైలు పెట్టి చూసుకుంది. నచ్చలేదు. అక్క ఎంచిందని అలాగే ఉంచేసింది.