వంటింటి సామాను

విదేశాల నుంచి పార్సిల్ వస్తోందంటే చాలు, ఆ ఇంట్లో అందరూ ఆమె వైపే చూసేవారు. భర్త కెమెరా లెన్సు, ఆడపడుచు బూట్లు, అత్తగారి నడుంపట్టీ. ఆర్డర్లు వాళ్లవి, ఫారాలు ఆమెవి. వస్తువేమిటి, ధరెంత, ఎవరి వాడకానికి, అన్నీ నింపి, పన్ను కట్టి విడిపించుకు రావాలి. "మా ఇంటి కస్టమ్స్ ఆఫీసరమ్మ! జీతం మాత్రం అడక్కండి" అని భర్త చుట్టాలను నవ్వించేవాడు. కాఫీ కప్పులు అందిస్తూ ఆమే ముందు నవ్వేది.

ఈసారి కస్టమ్స్ గదిలో బల్ల మీద విప్పి ఉన్న పెట్టె ఆమెదే.

"వంటింటి సామాను అని రాశారు. లోపల మౌతార్గన్ ఉంది. దీంతో ఏం వండుతారమ్మా?" అంది కళ్లజోడు ఆఫీసరు.

మోసం చెయ్యాలని ఆమె రాయలేదు. కొరియర్ వాళ్ల ఫారంలో 'వస్తువేమిటి' అన్న గడి దగ్గరికి రాగానే వేళ్లు వాటంతటవే అలా రాసేశాయి. ఇరవై రెండేళ్లుగా ఆమె కోసమని ఇంట్లోకి వచ్చినవన్నీ అవేగా.

పద్నాలుగో ఏట అన్నయ్య పారేసిన మౌతార్గన్ ఆమెకు దొరికింది. నాలుగో రంధ్రం మూగది. దాన్ని దాటేసి వాయించడం నేర్చుకుంది. మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఊదితే పాట కింద దాకా దొర్లుకుంటూ పోయేది. పక్కింటి పిన్నిగారు పంపు కట్టేసి మరీ వినేది. "ఆపకే పిల్లా, బకెట్టు ఎప్పుడైనా నిండుతుంది!"

పెళ్లయ్యాక అత్తగారు "ఇంట్లో ఆ పీపీ ఏమిటమ్మా" అంటే చీరల కింద దాచింది. ఒకరోజు భర్త దాన్ని స్నేహితుడి కూతురికి ఇచ్చేశాడు. "నువ్వెలాగూ వాయించడం లేదుగా!" నిజమే. ఆ నిజం వల్లే ఏడవడానికి కూడా ఆమెకు కారణం దొరకలేదు.

"తప్పు రాసినందుకు జరిమానా, దాని మీద పన్ను. వద్దనుకుంటే ఇక్కడ సంతకం పెట్టండి, వెనక్కి పంపేస్తాం" అంది ఆఫీసరు.

అంతలో భర్త ఫోను. సంగతి విని గయ్యిమన్నాడు. "కొన్నదానికంటే కట్టేదే ఎక్కువా? మతి పోయిందా? నా లెన్సంటే అవసరం. ఈ వయసులో నీకెందుకది? పంపించెయ్."

'సరే' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది బయట పడకముందే ఫోను పెట్టేసింది.

"కొత్త ఫారం ఇవ్వండి."

వస్తువు: మౌతార్గన్. ఎవరి వాడకానికి: నాకు. ఆ రెండక్షరాలు రాయడానికే ఎక్కువసేపు పట్టింది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులోంచి కట్టేసింది.

"పలుకుతోందో లేదో చూసుకోండి. తర్వాత మమ్మల్ని అనొద్దు" అంది ఆఫీసరు నవ్వుతూ.

ఆమె పెదవులకు ఆనించి ఊదింది. మెట్ల మీది పాత పాటే వచ్చింది. ఊపిరి అలవాటు కొద్దీ నాలుగో రంధ్రాన్ని దాటేసింది. ఆమె ఆగింది. వెనక్కి వచ్చి, దాన్ని ఊదింది.

పలికింది.