గుండీ గీరిన చెయ్యి

ఆ కుట్టుకొట్టు తోడికోడళ్ళిద్దరిదీ. కత్తెర పెద్దకోడలిది, మిషను చిన్నకోడలిది. పన్నెండేళ్ళుగా అదే పద్ధతి. పెద్దామె ఎవరికీ టేపు పెట్టదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎగాదిగా ఒక్కసారి చూసి, భుజం ఎంతో, మెడ ఎంతో చెప్పేస్తుంది. అనుమానం కొద్దీ ఇంటికెళ్ళి కొలుచుకున్నవాళ్ళు అరంగుళం తేడా కూడా పట్టుకోలేకపోయారు. అందరూ ఆమెను "కొలతల కళ్ళావిడ" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే వినపడనట్టు మొహం పెట్టి, ఆ రోజంతా లోలోపల నెమరేసుకునేది.

అలాంటి మనిషికి గుప్పెడంత పిల్లిపిల్ల పోటీకొచ్చింది.

వానలో తడుస్తుంటే చిన్నకోడలు ఎత్తుకొచ్చి, దానికి గుండీ అని పేరు పెట్టింది. అప్పట్నించి కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు ముందు "గుండీ ఏదమ్మా?" అని అడిగి, దాన్ని నిమిరి, ఆ తర్వాతే పెద్దామె వైపు తిరిగేవాళ్ళు. అదేమో చిన్నకోడలి ఒళ్ళో ముడుచుకుని మిషనుతో పాటు గుర్రుగుర్రుమనేది. పెద్దామె పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు.

"కోటు గుడ్డ మీద దాని బొచ్చు పడితే ఎవరిదే పూచీ?" అని పెద్దామె నలుగురి ముందూ కసిరేది.

"నేను దులుపుతాలే అక్కా."

"ఆ, దులుపు. పనంతా మానేసి అదే దులుపు."

మధ్యాహ్నం చిన్నకోడలు అన్నానికి ఇంటికెళ్ళగానే మాత్రం తలుపు ఓరగా వేసి, గిన్నెలో పాలు పోసి, "రావే తల్లీ, బంగారుకొండవు కదూ" అని బతిమాలేది. అది శుభ్రంగా తాగేది. ఎత్తుకోబోతే గోళ్ళు దింపి బల్ల కిందికి దూరేది. పాలకు నేనూ, ఒడికి ఆవిడగారూనా అని పళ్ళు నూరుకుంటూ, నెత్తురు చిమ్మిన చేతిని ఏదో గుడ్డపీలికతో తుడిచేసుకునేది. పంపు దగ్గరికెళ్ళి కడుక్కుంటే ఎవరైనా చూస్తారని బెరుకు.

వారం తిరిగేసరికి గీరిన చోట ఎర్రటి పొక్కు లేచింది. ఇంకో రెండు వారాలకు చంకలో నిమ్మకాయంత గడ్డ కట్టింది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. కత్తెర పని కదా, నరం పట్టేసిందని తనకు తానే వైద్యం చెప్పుకుంది.

ఒక పొద్దున హెడ్మాస్టరుగారి కోటుకు గుడ్డ పరిస్తే, కుడికన్ను నడుమ ఎవరో తడివేలితో రుద్దినట్టు మసక. సుద్దగీత అటూ ఇటూ జరుగుతోంది. అయినా కత్తెర ఆపలేదు. ఆపితే "ఏమైందక్కా" అంటుంది కదా పక్కనున్నది!

హెడ్మాస్టరు వచ్చి కోటు తొడుక్కుని చేతులు చాచాడు. కోటు చెయ్యి ఒకటి మణికట్టు దగ్గర ఆగింది. రెండోది మోచేతి వైపు ప్రయాణం కట్టింది.

"ఏమమ్మా, నాకీ వయసులో చెయ్యి పెరిగిందంటావా?"

పెద్దామె బల్ల మీది గుడ్డపీలికలు ఏరసాగింది.

"నాదే తప్పండీ, ఎక్కువ మడిచి కుట్టేశాను. రేపటికి సరిచేస్తాను" అంది చిన్నకోడలు.

"పోన్లే తల్లీ, నీ చేతిపని నాకు తెలీనిదా!"

తప్పు తనది, మెచ్చుకోలు ఆమెకు. పెద్దామెకు జ్వరంకన్నా అదే ఎక్కువ మండింది.

ఆయన వెళ్ళాక చిన్నకోడలు కోటు బల్ల మీద పరిచింది. "మడత కాదక్కా, కోతే తప్పింది. కన్ను సరిగా ఆనడం లేదు కదూ?"

"కత్తెర నీకు కావాలని సూటిగా చెప్పవే."

"ముందు ఆసుపత్రికి పద. కత్తెర కోసం వచ్చాక కొట్టుకుందాం."

డాక్టరమ్మ కంట్లో లైటు వేసి చాలాసేపు చూసింది. చంకలో గడ్డ నొక్కి చూసింది. "కంటి నరం వాచింది. ఇంట్లో పిల్లి ఉందా? ఎప్పుడైనా గీరిందా?"

"ఉందండీ, దీనిది. నా చాయలకే రాదు. చేతిమీదివి సూదిగీతలు."

"అయితే గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి. క్షయేమో, ఇంకేదైనా పెద్ద జబ్బేమో తేలాలి. ఈలోగా కంటికి ఏ మందివ్వాలో చెప్పలేను. ఆలస్యమయ్యేకొద్దీ చూపు ఎంత మిగులుతుందో కూడా చెప్పలేను."

పెద్దామె తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వు కాసేపు బయట కూర్చో."

"కూర్చోను."

ఇక దారి లేదు. "గీరిందండీ" అంది నేల చూపులు చూస్తూ. "పాలు పోసి నేనే పిలిచాను. ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు. ఎంత పిలిచినా నా దగ్గరికి రాదండీ అది."

డాక్టరమ్మ నవ్వలేదు. పిల్లిపిల్లల ఒంటి మీద గెంతే చిన్న పురుగుల వల్ల గోళ్ళలోకి సూక్ష్మజీవులు చేరతాయనీ, చాలామందికి గడ్డ కట్టి దానంతటదే తగ్గిపోతుందనీ, ఏ కొద్దిమందికో ఇలా కంటిదాకా పాకుతుందనీ చెప్పింది. "రక్తపరీక్ష చేయిద్దాం. మందు ఇవాళే మొదలుపెడదాం. చూపు చాలావరకు తిరిగొస్తుంది, కానీ నెలలు పట్టొచ్చు."

"దీన్నీ గీరుతుందండీ. మరి దీనికేం కాలేదేం?"

"గీరితే ఏం చేస్తావమ్మా?" అని డాక్టరమ్మ చిన్నకోడల్ని అడిగింది.

"వెంటనే సబ్బుతో కడుక్కుంటానండీ."

"మంచి పని. అయినా అందరికీ రావాలనేం లేదు."

చివరికి రోగం కూడా తోడికోడల్ని చూసి పక్కకు తప్పుకుందన్నమాట! పెద్దామె మొహం తిప్పుకుంది.

దారిలో చిన్నకోడలు ఉండబట్టలేక అడిగింది. "నాకొక్క మాట చెబితే నేనే తెచ్చి నీ ఒళ్ళో పడుకోబెట్టేదాన్ని కదక్కా?"

"అందుకే చెప్పలేదు. నువ్వు ఇస్తే పుచ్చుకోవడానికా నేను పాలు పోసింది?"

మర్నాడు గుండీని పశువుల డాక్టరుకు చూపించి ఒంటి మీది పురుగులు పోయే మందు వేయించారు. చిన్నకోడలు మిగిలిన గుడ్డ పరిచి, మూడుసార్లు టేపు పెట్టి, ఊపిరి బిగబట్టి కోటుకు కొత్త చెయ్యి కత్తిరించింది. పెద్దామె ఆ ముక్క తీసుకుని, బాగున్న కన్ను ఆనించి, అంచు పొడవునా చూసింది. తిరగేసి మళ్ళీ చూసింది. ఎక్కడా వంక దొరకలేదు.

"సుద్ద అంత మందంగా గీస్తారుటే ఎవరైనా?" అంది.